స్వతంత్ర రచనకు నలభై మార్కులు

స్వతంత్ర రచన అంటే ఏమిటి? ఈ ప్రశ్న మన ఆలంకారికులను వెయ్యేళ్ళకు పైగా వేధించింది. మాకు మాత్రం దానికి సమాధానం చెప్పడానికి నిర్వాహకులు మధ్యాహ్న భోజనం వరకు గడువు ఇచ్చారు.

సందర్భం మనవి చేస్తాము. గత విద్యాసంవత్సరంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కళాశాలల విద్యార్థులకు జనగామలో ఒక రచనల పోటీ జరిగింది. పద్యమూ కాదు, వ్యాసమూ కాదు; అద్భుత సాహస క్రీడకు కావలసిన కథావస్తువును తెలుగులో రాసి పంపాలి. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఒకరు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, మాకు గురుతుల్యులు. రెండవవారు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ క్రీడను సెలవుల్లో స్వగ్రామానికి మోసుకువచ్చిన యువకుడు. మూడవవారము మేము. మార్కుల పట్టికలో భాషకు ఇరవై, నిర్మాణానికి ఇరవై, ఆడుకోవడానికి వీలుగా ఉన్నందుకు ఇరవై, స్వతంత్రతకు నలభై అని అచ్చువేసి ఉంది. ఆ నలభై దగ్గరే చిక్కంతా వచ్చింది.

ఈ క్రీడ ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. ఐదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు కథకుడు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, మరొకడు దొంగ. రంగు పూసుకోవడం లేదు, తెర లేదు, హార్మోనియం లేదు. "గుహ ముందు నిలబడి ఉన్నారు. లోపలినుండి చల్లని గాలి వీస్తున్నది. ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. వారు చెప్పినదాన్ని బట్టి, పాచిక పడినదాన్ని బట్టి కథ ముందుకు సాగుతుంది. మన ఇళ్ళలో అమ్మమ్మ కథ చెబుతూ ఉంటే పిల్లలు ఊ కొడతారు కదా! ఊ కొట్టే పిల్లవాడు లేచి కథలోకి నడిచివెళ్ళి, "నేను ఆ తలుపు తీయను పో" అంటే ఎలా ఉంటుందో ఈ క్రీడ అలా ఉంటుంది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనికి మొదటి నియమగ్రంథాన్ని అచ్చు వేశారు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని పేరు. కాబట్టి ఈ పోటీలో విద్యార్థి రాయవలసింది కథ కాదు. కథ జరగడానికి తగిన చోటు. అక్కడ ఎవరుంటారు, ఏమి దాగి ఉంది, వచ్చినవారిని ఏ ప్రశ్న ఎదుర్కొంటుంది అన్నంతవరకే అతని పని. సమాధానం ఆడేవారిది. ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మా తగవు ముగిసింది దీని దగ్గరే.

వచ్చిన రచనలు ఇరవైకి పైగా ఉన్నాయి. సగానికి పైగా మంచు కొండలు, దేవదారు అడవులు, చెవులు సూదిగా ఉన్న దేవజాతి మనుషులు. వర్షాధారపు చెలకల నడుమ, జనగామ ఎండలో కూర్చుని ఇంత మంచు కురిపించిన మన పిల్లల ఊహాశక్తికి నమస్కరించవలసిందే గానీ, ఆ మంచు చేతికి తగలలేదు. మరికొన్నిటిలో ఒక విచిత్రం కనిపించింది. వేరువేరు ఊళ్ళ విద్యార్థులు ఐదుగురు ఒకే "వెలుగు రాయి"ని ఒకే "మరచిపోయిన ఆలయం"లో దాచారు. ఐదింటిలోనూ దాన్ని కాపాడే ముసలివాడు ఒకే మాట మాట్లాడాడు. ఉర్దూ కావ్యశాస్త్రంలో ఇద్దరు కవులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే భావం స్ఫురించడాన్ని 'తవారుద్' అంటారు. అది దోషం కాదు. కానీ ఐదుగురికి ఒకే వాక్యం స్ఫురించడం తవారుద్ కాదు. 2022 తరువాత అడిగిందే తడవుగా వ్యాసాలల్లి ఇచ్చే యంత్రాలు మన పిల్లల చేతిలోని ఫోన్లలోకి వచ్చాయి. ఆ ఐదింటినీ పక్కన పెట్టడానికి ముగ్గురికీ ఐదు నిమిషాలు పట్టింది.

చివరకు బల్లమీద మూడు మిగిలాయి.

మొదటిది మహబూబాబాదు నుండి ఒక విద్యార్థిని రాసినది. బయ్యారం చెరువు దగ్గర కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన శాసనం ఉన్నదని, కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు అది ముఖ్యమైన ఆధారమని మన విద్యార్థులు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఈ అమ్మాయి ఆ రాతిమీద ఒక పేరు రాత్రికి రాత్రి చెరిగిపోయినట్లు ఊహించింది. పేరు చెరిగిన రాజు తవ్వించిన చెరువులు తెల్లవారేసరికి ఎండిపోవడం మొదలుపెడతాయి. ఆడేవారు ఆ పేరు వెతకాలి. దొరికిన పేర్లు రెండు. ఏది చెక్కితే ఆ వైపు ఊళ్ళకే నీళ్ళు. ముగ్గురమూ మెచ్చాము. వివాదం లేనిచోట రాయడానికి విషయమూ తక్కువే కాబట్టి ఇంతటితో వదిలిపెడుతున్నాము.

రెండవది భూపాలపల్లి నుండి, ఒక గని కార్మికుని కుమారుడు రాసినది. భూమి కింద పాతాళ రాజ్యం, అక్కడ ఒక దేవత విగ్రహం, కోరిన కోరిక ఒక్కటి తీరుస్తుందట. ఆశపెట్టి లోపలికి పంపే మాంత్రికుడు ఒకడు. పండితులవారు రెండు పుటలు చదివి కళ్ళజోడు తీశారు. "ఇందులో కొత్త ఏముందండీ? ఇది పాతాళభైరవే కదా! మేము చిన్నప్పుడు డేరా టాకీసులో నేలమీద కూర్చుని చూశాము" అన్నారు. స్వతంత్రత గడిలో ఎనిమిది వేశారు.

మూడవది జనగామ ప్రాంతపు ముస్లిం విద్యార్థి రాసినది. మాయతో కట్టిన ఒక లోకం; దాని చక్రవర్తి మాంత్రికుడు; ఆ లోకాన్ని భేదించే విధానం ఒక పలకమీద రాసి ఉంటుంది; పలక ఎవరికి దొరకాలో ముందే నిర్ణయమై ఉంటుంది; ఏనుగులు, గుడారాలు, ఖజానాలు సర్వమూ పట్టే చిన్న సంచీ ఒకటి భుజాన వేసుకుని తిరిగే కొంటె గూఢచారి. యువ న్యాయనిర్ణేత కుర్చీలో ముందుకు జరిగి, "ఇలాంటిది నేనెక్కడా చదవలేదు సార్. పూర్తిగా కొత్త" అని నలభైకి ముప్పై ఎనిమిది వేశాడు. పండితులవారు కూడా తల ఊపారు.

మేము తల ఊపలేకపోయాము. ఆ సంచీ మాకు చిన్ననాటినుండి తెలుసు. దాని పేరు జంబీల్. అది భుజాన వేసుకున్నవాడి పేరు అమర్ అయ్యార్. ఆ మాయాలోకం 'తిలిస్మె హోష్రుబా', ఆ చక్రవర్తి అఫ్రాసియాబ్, ఆ పలక 'లౌహ్'. చలికాలపు రాత్రులలో అబ్బా కిరసనాయిలు దీపం పక్కన కూర్చుని, అట్ట ఊడిన పుస్తకంలోనుండి చదువుతూ ఉంటే మేమూ మా అక్కా దుప్పటి కప్పుకుని విన్నవే అవన్నీ. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. రెండు నదుల నడుమ ఊరివాడికి రెండు వైపుల వరదా తెలుస్తుంది.

ఇప్పుడు మా స్థితి ఆలోచించండి. ఆ గదిలో ఆ గ్రంథం ఎరిగినవారము మేమొక్కరమే. మేము నోరు మెదపకపోతే బహుమతి మన కుర్రవాడిదే. ఉర్దూ చదివే పిల్లలు నానాటికీ తగ్గుతున్న ఈ రోజుల్లో హోష్రుబా చదివిన డిగ్రీ విద్యార్థి కనబడటమే మాకు పండుగ. నిజం చెబితే అతనిమీద దొంగ అన్న ముద్ర పడుతుంది. అదీ మా నోటినుండి. ఐనా అక్కడ కూర్చున్నది అతని తరఫు వకీలుగా కాదు. "దీనికి మూలం ఉన్నది" అని చెప్పాము. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం పందొమ్మిదవ శతాబ్ది చివర అచ్చువేసిన గ్రంథమని, ఏ పాత్ర ఎక్కడినుండి వచ్చిందో వివరంగా చెప్పాము.

యువకుడి ముఖం వాడిపోయింది. పండితులవారు ఎర్ర సిరా కలం తీసి మూడవదాన్ని కొట్టివేయబోయారు. ఆయన చేతిని ఆపి మేము అడిగినది ఒకటే: పాతాళభైరవి తెలిసినందువల్ల రెండవవాడికి ఎనిమిది, హోష్రుబా తెలియనందువల్ల మూడవవాడికి ముప్పై ఎనిమిది. మనము కొలిచింది వారి స్వతంత్రతనా, మన చదువునా?

ఇక్కడ కొంచెం శాస్త్రం మాట్లాడక తప్పదు. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్యోతంలో ఈ సంగతే తేల్చిపెట్టాడు. ఒక కవి రచన మరొక కవి రచనను పోలి ఉండటం మూడు విధాలట. ఒకటి ప్రతిబింబం వంటిది: అద్దంలో నీడకు తనదంటూ ప్రాణం లేదు. రెండవది చిత్తరువు వంటిది: చూడముచ్చటగా ఉన్నా ఆ ప్రాణం స్వల్పం. మూడవది ఇద్దరు మనుషులు ఒకరినొకరు పోలి ఉండటం వంటిది: ముక్కూ ముఖమూ ఒకటే ఐనా ఇద్దరివీ వేరువేరు ప్రాణాలు. మొదటి రెండూ విడిచిపెట్టదగినవి, మూడవది కాదు అన్నాడు. ఆ తరువాతి వాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఏకంగా మూడు అధ్యాయాలు ఈ 'హరణం' కోసమే కేటాయించాడు. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో పరీక్ష కోసం వల్లెవేసిన ఈ విభాగాలు ఎన్నడైనా అక్కరకు వస్తాయని అనుకోలేదు.

అరబ్బీ, పారసీ, ఉర్దూ విమర్శకులూ దీన్ని విడిచిపెట్టలేదు. కావ్యచౌర్యాన్ని వారు 'సర్ఖా' అన్నారు. భావాలు దారిలో పడి ఉంటాయి, ఎవరైనా ఏరుకోవచ్చు, పనితనమంతా కూర్పులోనే ఉంది అన్న అభిప్రాయం తొమ్మిదవ శతాబ్దపు అల్ జాహిజ్‌ది. మన ముషాయిరాలలో 'తరహ్ మిస్రా' ఇవ్వడం ఎరుగుదుము కదా! ఒకే పాదం, ఒకే ఛందస్సు, ఒకే రదీఫ్ కవులందరికీ ముందుగా ఇచ్చేస్తారు. అవధానంలో సమస్య ఇవ్వడమూ అటువంటిదే. వస్తువు అందరికీ ఒకటే అని తెలిసిన తరువాతే అక్కడ ప్రతిభ లెక్క మొదలవుతుంది.

మన రామరాజభూషణుడు వసుచరిత్రలో కథలను రత్నాలతో పోల్చాడు. కేవల కల్పిత కథలు కృత్రిమ రత్నాలు, ప్రసిద్ధ కథలు గనిలోనుండి తీసినవి తీసినట్లున్న రత్నాలు, ప్రసిద్ధ కథకు కల్పన జోడించినవి సానబట్టిన జాతిరత్నాలు అని అతని లెక్క. వసుచరిత్ర ఆ మూడవ రకమే కాబట్టి తన అంగడి సరుకును తానే మెచ్చుకున్నాడని అనవచ్చు. అదే శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయానికి కథ యావత్తూ తానే కల్పించి, ఆ మొదటి రకం ఎంత గొప్పగా ఉండగలదో చూపాడు. తగవు నాలుగు వందల ఏళ్ళుగా తెగలేదు. మధ్యాహ్న భోజనం లోపల మేము తెంచగలమా?

పండితులవారు పాతాళభైరవిని ముందు పెట్టారు కాబట్టి దాని సంగతే చూద్దామన్నాము. 1951లో విజయా సంస్థ తీసిన ఆ చిత్రానికి పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల ఛాయ అందులో ఉందని, అల్లావుద్దీన్ అద్భుతదీపం ఛాయ కూడా ఉందని సినిమా చరిత్ర రాసినవారు చెబుతారు. మరి అల్లావుద్దీన్ ఎవరిది? అరేబియన్ రాత్రుల కథలలోదే అనుకుంటాము. కానీ ఆ గ్రంథపు పాత అరబ్బీ ప్రతులలో ఆ కథ లేదు. పారిస్‌లో ఫ్రెంచి అనువాదం చేస్తున్న ఆంత్వాన్ గలాన్‌కు 1709లో అలెప్పో నగరపు హన్నా దియాబ్ అనే క్రైస్తవ యువకుడు నోటితో చెప్పిన కథ అది. గలాన్ తన పుస్తకంలో అతని పేరు వేయలేదు. సిరియా యువకుడు ఫ్రాన్సులో చెప్పిన కథ ప్రపంచమంతా తిరిగి, మద్రాసు స్టూడియోలో తోట రాముడై, భూపాలపల్లి గనిలోకి దిగింది. ఇందులో ఏ మజిలీ దగ్గర దొంగతనం అని రాసుకోవాలి?

హోష్రుబా కథ ఇంకా చిత్రమైనది. దాస్తానె అమీర్ హంజా మొత్తం నలభై ఆరు సంపుటాలు; హోష్రుబా అందులో ఒక భాగం. ముహమ్మద్ హుసేన్ జాహ్, అతని తరువాత అహ్మద్ హుసేన్ ఖమర్ దాన్ని రాశారు. అక్బరు ఆస్థాన కవి ఫైజీ పారసీలో రాసిన మూలానికి ఇది అనువాదమని ఆ రోజుల్లో ప్రచారం. అటువంటి పారసీ మూలమేదీ లేదు. లక్నో దాస్తాన్ గోలు తమ బుర్రలోనుండి తీసి అల్లినదే అదంతా అని తరువాతి పండితులు తేల్చారు. అనగా ఆనాటివారు తమ స్వంత కల్పనను అనువాదమనే ముసుగు వేసి అమ్మారు. ఈనాడు అనువాదానికి స్వంత కల్పన అనే ముసుగు వేస్తున్నాము. గౌరవం ఎటు ఉంటే ముసుగు అటు తిరుగుతుంది కాబోలు.

ఈ క్రీడ పుట్టినచోట కూడా ఇదే పేచీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి ముద్రణలలో టోల్కీన్ నవలలలోని 'హాబిట్లు' పేరుతో సహా ఉండేవారు. హక్కుదారులు అభ్యంతరం చెప్పాక వారు 'హాఫ్‌లింగ్'లయ్యారు. పేరు మారింది, మనిషి మారలేదు. కానీ ఆ గైగాక్సే 1979లో ప్రచురించిన కథకుల మార్గదర్శి చివర, తాను ఏయే రచయితలకు ఋణపడ్డాడో పట్టిక వేసి అనుబంధంగా చేర్చాడు. ఈ క్రీడాభిమానులు నేటికీ ఆ పుటను వెతికి చదువుతారట. ఇక పోటీల సంగతి: 2002లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ కొత్త అద్భుతలోకం కల్పించి పంపమని బహిరంగంగా పిలుపునిస్తే, ఒక్కొక్కటి ఒక పుటకు మించని ప్రతిపాదనలు దాదాపు పదకొండు వేలు వచ్చాయి. గెలిచినది కీత్ బేకర్ కల్పించిన 'ఎబెరాన్', 2004లో అచ్చయింది. మంత్రశక్తితో నడిచే రైళ్ళు, యుద్ధం ముగిసిన దేశాలు, గూఢచారులు: పాత మాయాలోకానికి అపరాధ పరిశోధక కథల రంగు కలిపినది. రామరాజభూషణుడు చూసి ఉంటే సానబట్టిన జాతిరత్నమే అనేవాడు.

అంత దూరం ఎందుకు? జనగామ పక్కనే ఉన్న పెంబర్తికి పోయి చూడండి. లక్క మీద ఇత్తడి రేకును పరచి కొట్టే ఆ కళాకారులకు పద్మమూ హంసా తాతలనాటివే. పనివాడి చేయి ఎరిగినవాడు వస్తువు చూసి ఇది ఫలానావాడి పని అంటాడు. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన భాగవతం వ్యాసునిదని ఎరిగినవారమే మనమంతా. ఐనా పోతన భాగవతమనే అంటాము.

ఈ వాదమంతా విని పండితులవారు చిరునవ్వు నవ్వారు. "బాగానే ఉందోయ్. ఐతే ఏది నీడ, ఏది మనిషి అని తేల్చడమెలా? దానికి కొలబద్ద చెప్పు" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది.

సమాధానం యువకుడి దగ్గర దొరికింది. "ఇవి చదవడానికి రాసినవి కావు కదా సార్, ఆడిద్దాము" అన్నాడు. భోజనాలు కాగానే గ్రంథాలయం లోపలి గదిలో రెండు బల్లలు కలిపారు. రాసినవారే కథకులు, పోటీకి సంబంధం లేని విద్యార్థులు ఐదుగురు ఆటగాళ్ళు. మేము ముగ్గురమూ గోడవారగా కూర్చున్నాము.

ముందుగా తిలిస్మ్. కుర్రవాడు చక్కగా మొదలుపెట్టాడు. గొంతులో దాస్తాన్ లయ ఉంది. పలకను కాపాడే మాంత్రికుడు ఎదురయ్యాడు. గ్రంథంలోని దారి ప్రకారం గూఢచారి వేషం మార్చి అతనికి మత్తుమందు ఇవ్వాలి. కానీ ఆటగాళ్ళలో ఒక అమ్మాయి, "ఇతనికి జీతం ఎవరిస్తారు? ఎన్నాళ్ళయింది ఇంటికి పోయి?" అని అడిగింది. కథకుడు ఆగిపోయాడు. కాగితాలు తిరగేశాడు. "అట్ల అడగద్దు, ముందు మందు ఇయ్యాలె" అన్నాడు. ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. మరో రెండుసార్లు ఇలాగే జరిగింది. అద్దంలోని నీడను మనము చేయి ఎత్తకుండా చేయి ఎత్తమంటే ఎత్తలేదు కదా.

తరువాత భూపాలపల్లి కుర్రవాడు. ఐదుగురి నెత్తిన ఐదు టోపీ దీపాలు. ఒక్కొక్క దీపంలో పది పాళ్ళ వెలుగు. ప్రతి గదికీ ఒక పాలు ఖర్చు. ఒకరి వెలుగు ఒకరికి ఇవ్వవచ్చు, ఇచ్చింది తిరిగి రాదు. చేతిలో ఇనుప కడ్డీ ఒకటి. ఏ గదిలోనైనా అడుగు పెట్టే ముందు కప్పును ఆ కడ్డీతో తట్టాలి. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. కుర్రవాడు పాచికను బల్ల కింద వేసి, ఆ శబ్దాన్ని బల్లమీద వేలితో కొట్టి వినిపించాడు. ఏమి పడిందో చెప్పలేదు. ఆటగాళ్ళు చెవులొగ్గి వినసాగారు. గదిలో ఫ్యాను చప్పుడు ఎక్కువైందని ఎవరో దాన్ని ఆపేశారు. మే నెల కాకపోయినా ఆ గదిలో ఫ్యాను లేకుండా కూర్చోవడం సామాన్యం కాదు, ఎవరూ కదలలేదు.

చివరి కూడలి. కుడివైపు దేవత విగ్రహం ఉన్న మందిరం. ఎడమవైపునుండి ఎవరో కడ్డీతో గోడను తడుతున్న చప్పుడు, మూడుసార్లు, ఆగి మూడుసార్లు. పాత షిఫ్టులో దిగి పైకి రానివారు. ఐదుగురి వెలుగూ కలిపితే నాలుగు పాళ్ళు మిగిలింది. ఏదో ఒక వైపుకే సరిపోతుంది. "మాంత్రికుడు ఈ సంగతి మనకు చెప్పలేదు కదా" అన్నాడొక ఆటగాడు. "చెప్పడు" అన్నాడు కథకుడు. అంతే. అతను వారికి ఏ దారీ చూపలేదు. పావుగంట సేపు ఐదుగురూ తర్కించుకున్నారు. చివరకు ముగ్గురు ఎడమకు, ఇద్దరు కుడికి పోయారు. వెలుగు పంచుకోవడం దగ్గర ఒక స్నేహం నిజంగానే కాస్త బెడిసింది.

ఆట అయ్యాక పండితులవారు అతన్ని పిలిచి, "ఆ కడ్డీతో తట్టడం ఎక్కడ చదివావు బాబూ?" అని అడిగారు.

"చదువలె సార్. మా నాయిన కె.టి.కె. బాయిల పని చేస్తడు. ఇంటికొచ్చినంక గూడ అప్పుడప్పుడు గోడను అట్లనే కొట్టి చూస్తడు."

"పాతాళభైరవి చూశావా?"

"చూసిన సార్. మా నాయినమ్మకు మస్తు ఇష్టం. గందుకే విగ్రహం పెట్టిన."

పండితులవారు మళ్ళీ కళ్ళజోడు తీశారు, ఈసారి తుడుచుకోవడానికి. ఎనిమిదిని కొట్టివేసి పక్కన వేరే అంకె వేశారు. అది మాకు కనిపించలేదు, మేము అడగలేదు. మేము ముప్పై నాలుగు వేశాము. విగ్రహమూ మాంత్రికుడూ తెచ్చుకున్నవే. ఆ దీపాల లెక్కా, కడ్డీ మోతా, ఎడమవైపు చప్పుడూ తీసివేస్తే రచన కుప్పకూలుతుంది. విగ్రహం తీసి మరొకటి పెడితే కూలదు. మా కొలబద్ద అదే.

జనగామ కుర్రవాడిని విడిగా పిలవాలని మేము కోరాము. ముగ్గురి ఎదుట నిలబెట్టడం మాకు ఇష్టం లేకపోయింది. ఉర్దూలో అడిగాము. అతను తడబడలేదు. "దాదా చదివి వినిపించేవారు సార్. కళ్ళు పోయాక నేను చదివి ఆయనకు వినిపించాను. తెలుగులో ఎవరికీ తెలియదు కదా అని రాశాను. పుస్తకం పేరు వేయాలని నియమాలలో లేదు" అన్నాడు. నియమాలలో నిజంగానే లేదు. "తెలుగులో ఎవరికీ తెలియదు కదా" అన్న మాట రెండు విధాలుగా వినవచ్చు. ఎవరూ పట్టుకోలేరు అన్నది ఒకటి. అందరికీ తెలియాలి అన్నది రెండవది. అతని ముఖం చూసి మేము రెండవదే విన్నాము. ఐతే స్వతంత్రత గడిలో మేము వేసినది ఆరు మార్కులు. భాష గడిలో ఇరవైకి పంతొమ్మిది. అంత నిండైన తెలుగు వచనం ఆ కట్టలో మరొకటి లేదు. కొట్టివేత మాత్రం వద్దని గట్టిగా నిలబడ్డాము, పండితులవారు ఒప్పుకున్నారు.

ఫలితాలు: మహబూబాబాదు అమ్మాయికి ప్రథమం, భూపాలపల్లి కుర్రవాడికి ద్వితీయం. తృతీయం ఎవరికీ ఇవ్వలేదు. నిర్వాహకులు వచ్చే ఏటి ప్రకటనకు ముసాయిదా పంపి మా అభిప్రాయం అడిగారు. స్వతంత్రతకు ఇరవైయే చాలునని, మిగిలిన ఇరవై ఆడించి చూసిన తరువాత వేయాలని, ప్రతి రచన చివరా ఋణాల పట్టిక ఉండాలని, ఆ పట్టిక ఉన్నందుకు మార్కులు తగ్గించరాదని రాసి పంపాము. ఇంకా బదులు రాలేదు.

జనగామ కుర్రవాడు మొన్న ఒక కవరు పంపాడు. తిలిస్మె హోష్రుబా మొదటి సంపుటం ఆరంభం, తెలుగులో, పన్నెండు పుటలు. పైన జాహ్ పేరు పెద్ద అక్షరాలలో, దాని కింద అనువాదకుడుగా తన పేరు చిన్న అక్షరాలలో ఉన్నాయి. రెండింటి నడుమ ఒక పంక్తి ఖాళీగా వదిలి, అంచున పెన్సిలుతో మమ్మల్ని అడిగాడు: "ఇక్కడ దాదా పేరు వేయవచ్చునా సార్? వేస్తే ఏమని వేయాలి?"